ఏడ్చినవాళ్లే ఎందుకు గొడవపడ్డారు? హ్యారీ పాటర్ చివరి సినిమా, అభిమానుల లెక్కలు

2011 జులై 15న 'హ్యారీ పాటర్ అండ్ ద డెత్లీ హ్యాలోస్ - పార్ట్ 2' విడుదలైంది. అమెరికా, కెనడాల్లో మొదటి వారాంతంలోనే దాదాపు 16.9 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటికి అది రికార్డు. రెండో వారాంతానికి ఆ అంకె 4.7 కోట్లకు దిగింది. అంటే 72 శాతం తగ్గింది. మామూలుగా ఏ సినిమాకైనా ఇలా జరిగితే టాక్ తేడా కొట్టిందనే అనుకుంటాం. ఇక్కడ టాక్ బ్రహ్మాండంగా ఉంది. విమర్శకులు మెచ్చుకున్నారు. హాలు బయట ప్రేక్షకుల్ని అడిగి మార్కులిచ్చే సినిమాస్కోర్ సర్వేలోనూ 'ఏ' గ్రేడ్ వచ్చింది. మరి ఎందుకు పడిపోయింది? చూసి తీరాలనుకున్నవాళ్లంతా ఆ మూడు రోజుల్లోనే చూసేశారు కాబట్టి. విడుదలకు ముందు అర్ధరాత్రి వేసిన ఆటలకే 4.35 కోట్ల డాలర్లు వచ్చాయంటే ఎంతమంది ఆగలేకపోయారో అర్థమవుతుంది.

ఆ అర్ధరాత్రి జనం గురించే ఈ వ్యాసం. మెడకి హ్యారీ ఉండే గ్రిఫిండోర్ జట్టు మఫ్లర్లు చుట్టుకుని, నుదుటి మీద మెరుపు గీత గీయించుకుని వచ్చినవాళ్లు. హాల్లో వెక్కి వెక్కి ఏడ్చారు. మర్నాటి నుంచి, నిజానికి ఈ రోజు దాకా, ఆ సినిమా ముగింపు మీద వాదిస్తూనే ఉన్నారు. బయటినుంచి చూసేవాళ్లకి ఇది విచిత్రంగా ఉంటుంది. నచ్చితే గొడవెందుకు, నచ్చకపోతే ఏడుపెందుకు?

దీనికి నాకు తోచిన జవాబు ఇది. ఆ రాత్రి ముగిసినవి రెండు వేర్వేరు విషయాలు. కథ నాలుగేళ్ల ముందే ముగిసింది. ఏడో పుస్తకం 2007 జులై 21న వచ్చింది. విలన్ వోల్డెమార్ట్ చస్తాడని, హ్యారీని వేధించే మాస్టారు స్నేప్ మనసులో ఏముందో, ఎవరు బతుకుతారో, ఎవరికి ఎవరితో పెళ్లవుతుందో హాల్లో కూర్చున్న అభిమానులందరికీ అప్పటికే తెలుసు. 2011లో ముగిసింది కథ కాదు, కలిసి ఎదురుచూడడం. ఏడుపు దాని గురించి. గొడవ మాత్రం కథ గురించి. రెండిటినీ ఒకే గాటన కడితే ఏదీ అర్థం కాదు.

ముందు ఏడుపు సంగతి చూద్దాం, అది తేలికగా అర్థమయ్యేది. మొదటి సినిమా 2001 నవంబరులో వచ్చింది. డేనియల్ రాడ్‌క్లిఫ్‌ని హ్యారీగా ఎంపిక చేసినప్పుడు అతనికి 11 ఏళ్లు. చివరి సినిమా విడుదలయ్యేనాటికి 22 నిండడానికి ఎనిమిది రోజులు తక్కువ. హ్యారీ స్నేహితులు హెర్మయొనీ, రాన్‌లుగా నటించిన ఎమ్మా వాట్సన్, రూపర్ట్ గ్రింట్ కూడా అంతే, తెర మీదే పెరిగారు. మొదటి సినిమాని పదేళ్ల వయసులో చూసిన పిల్ల చివరిదానికి కాలేజీలో ఉంది. ఒకే నటులు, ఒకే ప్రేక్షకులు, పదేళ్లపాటు ఒకరితో పాటు ఒకరు ఎదగడం సినిమా చరిత్రలోనే అరుదు. పైగా ప్రతి ఏడాదో, ఏడాదిన్నరకో ఏదో ఒకటి వచ్చేది, పుస్తకమో సినిమానో. 2007 తర్వాత పుస్తకాలు లేవు. 2011 తర్వాత సినిమాలూ ఉండవు. పోస్టర్ల మీద పెద్దక్షరాలతో 'ఇట్ ఆల్ ఎండ్స్' అని వేసి మరీ ఆ మాట గుర్తుచేశారు.

జులై 7న లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రీమియర్ జరిగింది. అభిమానులు కొన్ని రోజుల ముందే వచ్చి వానలో గుడారాలు వేసుకుని పడుకున్నారు. అంతమందిలో సినిమా చూసేది ఎందరు? ఎక్కువమందికి ఆ రోజు టికెట్టే లేదు. తారలు నడిచి వెళ్తుంటే చూడడానికి, ఒకరితో ఒకరు కలవడానికి వచ్చారు. వేదిక మీద రచయిత్రి జె.కె. రౌలింగ్ వాళ్లతో, పుస్తకం ద్వారా వచ్చినా వెండితెర ద్వారా వచ్చినా హాగ్వర్ట్స్ (హ్యారీ చదివే మంత్రవిద్యల బడి) ఎప్పుడూ మిమ్మల్ని ఇంటికి ఆహ్వానించడానికి సిద్ధంగా ఉంటుందని చెప్పింది. ఆ మాట ఇప్పటికీ అభిమానులకి కంఠతా వచ్చు. ఒకసారి ఆ మాటని జాగ్రత్తగా చూడండి, కథ గురించి అందులో ఒక్క ముక్క లేదు. తిరిగి రావడానికి ఒక చోటు ఉంటుందన్న భరోసా మాత్రమే ఉంది. అక్కడున్నవాళ్లకి కావలసిందీ అదే.

దర్శకుడు డేవిడ్ యేట్స్, సంగీత దర్శకుడు అలెగ్జాండర్ డెస్ప్లా ఈ సంగతి బాగా పట్టుకున్నారు. చివరి దృశ్యంలో, పందొమ్మిదేళ్ల తర్వాత పిల్లల్ని రైలెక్కించేటప్పుడు, వెనక వినిపించే బాణీ కొత్తది కాదు. మొదటి సినిమా చివర్లో పిల్లలు హాగ్వర్ట్స్ వదిలి ఇంటికెళ్లే రైలెక్కేటప్పుడు జాన్ విలియమ్స్ కట్టిన బాణీ. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. అంతవరకు గొంతులో ఆపుకున్నవాళ్లు కూడా అక్కడ ఆగలేకపోయారు. ఆ బాణీ చెవిన పడగానే ప్రేక్షకుడికి గుర్తొచ్చేది హ్యారీ కథ కాదు, ఆ పాట మొదటిసారి విన్నప్పుడు తనెవరో, ఎక్కడున్నాడో, పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తొస్తుంది. ఈ సినిమా ఒక వీడ్కోలుగా ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి ఆ నిర్ణయం ఒక్కటి చాలు.

ఇక గొడవ దగ్గరికి వద్దాం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

మన దగ్గర ఫ్యాన్ అంటే ఎక్కువగా హీరోకి ఫ్యాన్. సినిమా మీద మాట పడితే ఊరుకోడు, ఎందుకంటే హీరో పరువు అందులో ఉంది. పాటర్ అభిమాని విధేయత మొదట పుస్తకానికి. సినిమా దానికి లోబడి ఉండాలని అతని లెక్క. అందుకే అదే సినిమాకి నాలుగుసార్లు వెళ్లి, నాలుగుసార్లూ తప్పులు పట్టగలడు. కథ ముందే తెలిసిన ప్రేక్షకుడు ఎలా ఉంటాడో మన ఊళ్లలో పద్య నాటకం చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రాయబారం విఫలమవుతుందని తెలియనివాడు అక్కడ ఒక్కడూ ఉండడు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు, పద్యం బాగా పాడితే 'వన్స్ మోర్' అంటారు, ఒక పాదం మింగేస్తే అక్కడే పట్టుకుంటారు. తర్వాత ఏమవుతుందన్న ఉత్కంఠ లేనప్పుడు దృష్టంతా ఎలా చూపించారన్న దాని మీదే ఉంటుంది.

మరి ఈ సినిమాలో మింగేసిన పాదాలేమిటి? జాబితా రాస్తే పొడుగవుతుంది, ఒక్కోదాని బరువూ ఒకటి కాదు. అన్నిటికంటే పెద్దది వోల్డెమార్ట్ చావు.

పుస్తకంలో అది హాగ్వర్ట్స్ గ్రేట్ హాల్‌లో, అందరి ముందు జరుగుతుంది. టీచర్లు, విద్యార్థులు, తల్లిదండ్రులు గోడల వెంబడి నిలబడి చూస్తుంటారు. హ్యారీ, వోల్డెమార్ట్ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ మాట్లాడుకుంటారు. హ్యారీ అతన్ని పుట్టిన పేరుతో, టామ్ రిడిల్ అని పిలుస్తాడు. స్నేప్ ఎవరి పక్షమో, అన్నిటికంటే శక్తిమంతమైన ఎల్డర్ మంత్రదండం నిజంగా ఎవరి మాట వింటుందో అందరూ వింటుండగా విడమర్చి చెబుతాడు. పశ్చాత్తాపపడడానికి ఒక అవకాశం కూడా ఇస్తాడు. తర్వాత ఒక్క క్షణంలో అయిపోతుంది. వోల్డెమార్ట్ మామూలు మనిషిలా నేల మీద పడిపోతాడు. శవం అక్కడే ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి పక్క గదిలో పెడతారు.

సినిమాలో ఇద్దరూ కోట అంతా తిరుగుతూ కొట్టుకుంటారు, బురుజు మీంచి కలిసి దూకుతారు, చివరికి ఖాళీ ఆవరణలో ఎదురెదురుగా నిలబడతారు. మాటలు చాలా తక్కువ. దండాల నుంచి వెలుగులు ఢీకొంటాయి. వోల్డెమార్ట్ శరీరం పొరలు పొరలుగా ఊడి, బూడిద రేకుల్లా గాల్లోకి లేచి మాయమవుతుంది. అది త్రీడీలో వచ్చిన సినిమా, ఆ రేకులు ప్రేక్షకుడి మీదికి తేలి వస్తాయి. చూడడానికి బాగుంటుంది, కాదనను.

కానీ అభిమానుల అభ్యంతరం 'మార్చారు' అన్నది మాత్రమే కాదు. ఆ మార్పు కథ లోపలి తర్కాన్నే దెబ్బతీసింది. వెనక్కి వెళ్లి చూడండి. 1981లో పసివాడైన హ్యారీని చంపబోయి వోల్డెమార్ట్ మాయమయ్యాడు. శవం దొరకలేదు. అతను నిజంగా పోయాడా అన్న అనుమానం ఏళ్ల తరబడి మాంత్రిక లోకాన్ని వదల్లేదు. నాలుగో పుస్తకంలో అతను తిరిగొచ్చాడని హ్యారీ చెబితే మంత్రిత్వ శాఖ నమ్మలేదు, కుర్రాడు అబద్ధాలాడుతున్నాడని పత్రికలో రాయించారు. ఇలాంటి చరిత్ర ఉన్న కథకి చివర్లో కావలసినవి రెండే, సాక్షులు, శవం. పుస్తకం రెండూ ఇచ్చింది. సినిమా రెండూ తీసేసింది. సినిమా లెక్కలో వోల్డెమార్ట్ చావుకి ఉన్న సాక్షి హ్యారీ ఒక్కడే, చేతిలో ఉన్న రుజువు గాలికి పోయిన బూడిద. ఇంకో లోటు కూడా ఉంది. చావంటే వణికిపోయి, ఆత్మని ముక్కలు చేసుకుని మరీ దాన్ని తప్పించుకోవాలని చూసినవాడు చివరికి అందరిలాగే ఒక శవంగా మిగలడమే పుస్తకం అతనికి వేసిన శిక్ష. బూడిదై ఎగిరిపోతే అతను చావులో కూడా ప్రత్యేకమే అయ్యాడు. నాకు ఈ విషయంలో అభిమానులదే న్యాయం అనిపిస్తుంది, ఇంకో మాట లేదు.

హ్యారీతో చదివే నెవిల్ లాంగ్‌బాటమ్ విషయంలోనూ ఇదే తేడా. పుస్తకంలో అతను వోల్డెమార్ట్ ఎదురుగా, అందరూ చూస్తుండగా, టోపీలోంచి కత్తి లాగి అతని పాము నాగిని తల నరుకుతాడు. సినిమాలో అదే పని కాసేపాగి, రాన్, హెర్మయొనీల మీదికి పాము దూకబోయేటప్పుడు చేస్తాడు. హాల్లో ఈలలు పడ్డ మాట నిజమే. అయితే తొలి పుస్తకంలో అందరికీ భయపడి, తన కప్పనే సరిగా చూసుకోలేకపోయిన కుర్రాడు ఏడో పుస్తకంలో నియంత మొహం మీదే 'నీ పక్షాన చేరను' అని ఎదిరించడం, ఆ ఊపులోనే పామును నరకడం, ఈ రెండూ ఒకే దెబ్బలో జరగడమే అక్కడి బలం. సినిమా ఆ రెండిటినీ విడదీసింది. సమయం దొరికినందుకు హీరోయిజం పెరిగింది, అర్థం కొంచెం పలచబడింది.

ఇక్కడే నాకు ఈ సినిమా తీరు స్పష్టమవుతుంది. పుస్తకంలో ముగింపు బహిరంగం, మాటలతో నిండి ఉంటుంది. ఊరంతా చూస్తుంది, వింటుంది, ఒక సమాజం తన భయంలోంచి బయటపడుతుంది. సినిమాలో ముగింపు వ్యక్తిగతం, దృశ్యాలతో నిండి ఉంటుంది. ఇద్దరు మనుషులు, ముగ్గురు స్నేహితులు, ఒక చూపు, ఒక వీడ్కోలు. పదేళ్లు కలిసి నడిచిన ప్రేక్షకులకి వీడ్కోలు చెప్పాలంటే రెండోదే సరిపోతుంది. కథని దాని తర్కం ప్రకారం ముగించాలంటే మొదటిదే కావాలి. స్క్రీన్‌ప్లే రాసిన స్టీవ్ క్లోవ్స్, యేట్స్ వీడ్కోలు వైపు మొగ్గారు. 130 నిమిషాలతో మొత్తం ఎనిమిది సినిమాల్లో అతి చిన్నది ఇదే. పుస్తకాన్ని రెండు ముక్కలు చేసి మరీ తీసిన సినిమాకి ఇంకో పది నిమిషాలు దొరకలేదా అన్న ప్రశ్న అభిమానులు అందుకే ఇప్పటికీ అడుగుతారు.

ఎల్డర్ మంత్రదండం గొడవ చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. యుద్ధం ముగిశాక, శిథిలమైన వంతెన మీద హ్యారీ ఆ దండాన్ని రెండుగా విరిచి కిందికి విసిరేస్తాడు. లోకంలోకెల్లా శక్తిమంతమైన ఆయుధాన్ని వద్దనుకున్నాడు, ఒక్క షాట్‌లో అర్థమైపోతుంది. సినిమాగా అది పని చేస్తుంది. కానీ పుస్తకం చదివినవాడి గుండెలో అప్పటికే ఇంకో దండం ఉంది. హ్యారీ సొంత దండం, పదకొండేళ్లప్పుడు ఆలివాండర్ కొట్లో అతన్ని ఎంచుకున్నది, పార్ట్ 1లో విరిగిపోయింది. పుస్తకంలో అతను ఎల్డర్ దండంతో చేసే చివరి పని దాన్ని బాగుచేసుకోవడం. ఆ తర్వాతే ఎల్డర్ దండాన్ని హాగ్వర్ట్స్ హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ సమాధిలో తిరిగి పెట్టేస్తానంటాడు. అంతటి శక్తిని ఒకే ఒక్కసారి, తన పాత చిన్న దండాన్ని అతికించుకోవడానికి వాడుకుని వదిలేశాడంటే హ్యారీ ఎలాంటివాడో అందులోనే ఉంది. సినిమాలో హ్యారీ సొంత దండం ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క నిమిషం పట్టే దృశ్యం అది.

స్నేప్ దగ్గరికొస్తే సంగతి మారిపోతుంది. ఇక్కడ ఏడుపూ, గొడవా రెండూ ఒకేచోట పుడతాయి.

అద్దాల గోడలున్న పడవల గదిలో, పాము కాట్లకి స్నేప్ కూలిపోతాడు. పుస్తకంలో ఇది ష్రీకింగ్ షాక్ అనే పాడుబడ్డ ఇంట్లో జరుగుతుంది. సినిమా మార్చిన చోటే బాగుందని చాలామంది పుస్తక వీరాభిమానులు కూడా ఒప్పుకుంటారు. నీళ్లు, గాజు, బయట మంటల వెలుగు. కన్నీళ్ల రూపంలో జ్ఞాపకాలు ఇచ్చి, హ్యారీని చూసి, నీవి మీ అమ్మ కళ్లు అంటాడు. తర్వాత ఆ జ్ఞాపకాల వరస. పాత సినిమాల్లోని ముక్కలు కూడా అందులో కలిపారు, అంటే మనం పదేళ్లుగా ఒక వైపు నుంచి చూసిన మనిషిని ఇప్పుడు మరో వైపు నుంచి చూస్తాం. డెస్ప్లా సంగీతం, స్నేప్‌గా నటించిన అలాన్ రిక్‌మన్ మొహం. హ్యారీ తల్లి లిల్లీ శవాన్ని ఒళ్లోకి తీసుకుని, తొట్టెలో పసిపిల్లాడు ఏడుస్తుండగా, స్నేప్ గుండె పగిలేలా ఏడ్చే దృశ్యం పుస్తకంలో లేదు. సినిమా కల్పించింది. ఆ రాత్రి హాళ్లలో ఎక్కువమందిని కదిలించినది అదే.

కానీ అదే దృశ్యాల్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి చిన్నది, అందరూ పట్టుకున్నది. అమ్మ కళ్లు అన్న మాట ఏడు పుస్తకాల్లోనూ వినిపిస్తుంది, ఆకుపచ్చ కళ్లు. రాడ్‌క్లిఫ్ కళ్లు నీలం. కాంటాక్ట్ లెన్సులు పడకపోవడంతో మొదటి సినిమాలోనే అలా వదిలేశారు. ఫర్వాలేదు, రంగు ఏదైనా తల్లీకొడుకులవి ఒకటైతే చాలు. తీరా స్నేప్ ఆ మాట అన్న కాసేపటికే జ్ఞాపకాల్లో చిన్నారి లిల్లీ దగ్గరగా కనిపిస్తుంది, గోధుమరంగు కళ్లతో. సినిమా మొత్తానికి గుండెకాయ లాంటి వాక్యాన్ని పక్క షాటే కాదంటోంది. ఇంత డబ్బు, ఇంత గ్రాఫిక్స్ ఉన్న చోట దీన్ని సరిచేయడం అసాధ్యమేమీ కాదు. అభిమానులు ఇప్పటికీ మొదట చూపించే తప్పు ఇదే, చూపించడంలో తప్పేమీ లేదు.

రెండోది పెద్దది, అంతగా ఎవరూ మాట్లాడనిది. పుస్తకంలో స్నేప్ లిల్లీని పోగొట్టుకున్నది విధి వల్ల కాదు. అందరి ముందూ ఆమె పుట్టుకని ఎత్తి చూపే బూతుమాట అన్నాడు, చెడ్డ స్నేహాలు వదల్లేదు, స్నేహం తెగిపోయింది. తర్వాత ఆమెని కాపాడమని డంబుల్‌డోర్‌ని బతిమాలినప్పుడు, ఆమె భర్త, బిడ్డ ఏమైపోయినా ఫర్వాలేదా అని ముసలాయన అసహ్యించుకుంటాడు. సినిమాలో ఈ రెండూ లేవు. కేవలం ప్రేమ మిగిలింది. అందుకే సినిమా మాత్రమే చూసినవాళ్లకి స్నేప్ నిష్కళంక ప్రేమికుడు. పుస్తకం చదివినవాళ్లకి అతను ధైర్యవంతుడైన చెడ్డ మనిషి, తప్పుకి జీవితాంతం పరిహారం చెల్లించినవాడు. స్నేప్ హీరోనా కాదా అని అభిమానుల మధ్య ఎంతకీ తెగని వాదన ఉంది కదా, అందులో సగం ఇద్దరూ ఒకే స్నేప్ గురించి మాట్లాడకపోవడం వల్లే నడుస్తోంది.

ఇంకో సంగతి, నన్ను వ్యక్తిగతంగా కదిలించేది. పుస్తకంలో స్నేప్ చనిపోయేనాటికి 38 ఏళ్లు. రిక్‌మన్‌కి అప్పటికి అరవై దాటాయి. ఆయన తరంవాళ్లుగా కనబడాలి కాబట్టి హ్యారీ తల్లిదండ్రుల పాత్రలకీ నడివయసు నటుల్నే తీసుకున్నారు. పుస్తకం లెక్క ప్రకారం జేమ్స్, లిల్లీ చనిపోయింది 21 ఏళ్లకి. అడవిలో చావుకి నడిచి వెళ్లేటప్పుడు హ్యారీ చుట్టూ చేరిన అమ్మానాన్నలు అతనికంటే నాలుగేళ్లే పెద్ద. పిల్లలు పిల్లల్ని కాపాడుకుంటూ చనిపోయిన యుద్ధం అది. సినిమాలో ఆ దృశ్యం చక్కగానే ఉంటుంది, కాని పెద్దవాళ్లు వచ్చి పిల్లాడికి ధైర్యం చెప్పినట్టు ఉంటుంది. నటుల ఎంపిక ఎప్పుడో 2000లో జరిగిపోయింది, అప్పటికి చివరి పుస్తకం రాయనే లేదు. ఎవర్నీ తప్పుపట్టలేం. ఆ నష్టం మాత్రం నష్టమే.

నిజానికి చివరి సినిమా మీద పడ్డ ఫిర్యాదుల్లో చాలావాటికి బాధ్యత ముందు సినిమాలదే. ఒకదాంట్లో వదిలేసినది ఇంకోదాంట్లో అప్పుగా మిగిలింది. ఐదో సినిమాలో హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ అతనికి ఇచ్చే అద్దం ముచ్చట ఎత్తలేదు. పార్ట్ 1లో హ్యారీ చేతిలో ఆ అద్దం ముక్క ఉన్నట్టుండి ప్రత్యక్షమైంది. పార్ట్ 2లో దాని జత అద్దం డంబుల్‌డోర్ తమ్ముడి దగ్గర తేలింది. పుస్తకం చదవని స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్లందరికీ అక్కడ కథ చెప్పే పని పడింది. హ్యారీ పాత మాస్టారు లూపిన్ కొడుకు సంగతీ అంతే. లూపిన్ భార్య టాంక్స్ ఆ కబురు చెప్పబోతే పార్ట్ 1లో మూడీ మధ్యలో ఆపేశాడు. ఆఖర్న అడవిలో హ్యారీ 'మరి మీ అబ్బాయి' అనగానే, పుస్తకం చదివినవాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి, చదవనివాళ్లు ఏ అబ్బాయని మొహమొహాలు చూసుకున్నారు. డంబుల్‌డోర్ యవ్వనం, చెల్లెలు అరియానా చావు, దుష్ట మాంత్రికుడు గ్రిండెల్వాల్డ్‌తో స్నేహం, ఏడో పుస్తకంలో సగం బరువు మోసే ఈ భాగం సినిమాలో రెండు మూడు మాటల్లో తేలిపోయింది.

రాన్ అన్న ఫ్రెడ్ చావు మీద కోపం వేరే రకం. నవ్వుతూ నవ్వుతూ చనిపోయే ఆ క్షణాన్ని చూపించకుండా, తర్వాత శవాన్ని మాత్రమే చూపించారు. లూపిన్, టాంక్స్ కూడా పక్కపక్కనే పడుకోబెట్టి ఉంటారు. పుస్తకంలోనూ లూపిన్ దంపతుల చావు కనబడదు కాబట్టి అక్కడ సినిమాని అనడానికి లేదు. ఫ్రెడ్ విషయంలో మాత్రం అభిమానులు ఇంకా సమాధానపడలేదు.

అన్నీ ఫిర్యాదులే కావు సుమా. కోటని కాపాడడానికి రాతి విగ్రహాల్ని బతికించి, ఈ మంత్రం వేయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నానని చిన్నపిల్లలా మురిసిపోయే టీచర్ మెక్‌గోనగల్ మాట సినిమాది, పుస్తకంలో లేదు. అదిప్పుడు అభిమానుల సొంతమైపోయింది. వోల్డెమార్ట్ అనుచరురాలు బెల్లాట్రిక్స్ రూపంలో ఉన్న హెర్మయొనీగా హెలెనా బోనమ్ కార్టర్ చేసిన నటన కూడా అంతే. ఆ దృశ్యాన్ని ముందు ఎమ్మా వాట్సన్ చేసి చూపిస్తే, దాన్ని చూసి ఆమె పట్టుకుంది. భయంకరమైన మొహంలో బెదురుతున్న అమ్మాయి కనిపిస్తుంది. రాన్ తల్లి మోలీ వీజ్లీ తన కూతురి జోలికొచ్చిన బెల్లాట్రిక్స్ మీద విరుచుకుపడే మాటని పిల్లల సినిమా కదా అని మెత్తబరచకుండా అలాగే ఉంచారు, హాళ్లు దద్దరిల్లాయి.

ముగింపు ముక్క, పందొమ్మిదేళ్ల తర్వాత కింగ్స్ క్రాస్ స్టేషన్, దాని గురించి వేరుగా చెప్పాలి. అది పుస్తకం వచ్చినప్పుడే వివాదం. అందరికీ పెళ్లిళ్లు, పిల్లలు, పాతవాళ్ల పేర్లు, అంతా మరీ చక్కగా సర్దేసినట్టుందని చాలామంది అప్పుడే అన్నారు. ఆ అధ్యాయం లేనట్టే భావించి సొంత కథలు రాసుకునే అభిమానులు 2007 నుంచీ ఉన్నారు. సినిమాకి మరో చిక్కు వచ్చిపడింది. ఇరవై, ఇరవై ఒకటేళ్ల నటుల్ని ముప్పై ఏడేళ్లవాళ్లుగా చూపించాలి. మొదట స్టేషన్‌లో తీశారు, మేకప్ కుదరలేదు. 2010 డిసెంబరులో లీవ్స్‌డెన్ స్టూడియోలో సెట్ వేసి మళ్లీ తీశారు. అయినా పొట్ట పెరిగిన రాన్‌ని చూసి హాల్లో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుని ఎగతాళిగా తీసుకున్నవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. తమతో పాటు పెరిగినవాళ్లు పెద్దవాళ్లుగా ఎలా ఉంటారో చూసినప్పుడు వచ్చే నవ్వు అది, పక్కనే విలియమ్స్ బాణీ ఏడిపిస్తూనే ఉంది.

ఆ ముక్కకి తర్వాత వచ్చిన జీవితం చూస్తే అభిమానులు సర్దిచెప్పుకున్నట్టే ఉంది. కథలో ఆ తేదీ 2017 సెప్టెంబరు 1. సరిగ్గా ఆ రోజు ఉదయం లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి జనం కట్టలు తెంచుకుని వచ్చారు, పదకొండు గంటల రైలు కోసం లెక్కపెట్టారు. ఆ అధ్యాయాన్ని తిట్టినవాళ్లు కూడా ఆ గుంపులో ఉండే ఉంటారు. ముందే చెప్పినట్టు, కథ మీద ఉన్న అభిప్రాయం ఒకటి, కలిసి ఉండడం మీద ఉన్న మమకారం ఇంకొకటి. 2016 జనవరి 14న రిక్‌మన్ చనిపోయినప్పుడు అదే స్టేషన్‌లో, గోడలోకి సగం దూరినట్టున్న సామాను బండి దగ్గర పూలు పేర్చారు.

ఆస్కార్ల ముచ్చట కూడా మర్చిపోకూడదు, అభిమానుల కోపంలో దానికీ వాటా ఉంది. రిక్‌మన్‌కి సహాయ నటుడిగా నామినేషన్ వస్తుందని ఆశపడ్డారు, రాలేదు. సినిమాకి కళా దర్శకత్వం, మేకప్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో మూడు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ఎనిమిది సినిమాలకీ కలిపి 12 నామినేషన్లు, సున్నా ఆస్కార్లు. ప్రపంచవ్యాప్తంగా ఈ ఒక్క సినిమాకే దాదాపు 134 కోట్ల డాలర్లు వచ్చాయి కాబట్టి నిర్మాతలకి బెంగ ఉండి ఉండదు. అభిమానికి డబ్బు లెక్కతో పనిలేదు, తన బాల్యాన్ని పెద్దలు లెక్కలోకి తీసుకోలేదన్నదే బాధ.

పరిశ్రమ మాత్రం లెక్క బాగానే నేర్చుకుంది. చివరి పుస్తకాన్ని రెండుగా కోస్తే రెండుసార్లు టికెట్లు తెగుతాయి. 'ట్వైలైట్' చివరి భాగాన్ని 2011, 2012ల్లో రెండుగా తీశారు. 'హంగర్ గేమ్స్' వాళ్లు 2014, 2015ల్లో అదే చేశారు. 'డైవర్జెంట్' వాళ్లూ అలాగే మొదలుపెట్టారు, మొదటి సగం 2016లో వచ్చి బోల్తా పడింది, రెండో సగం సినిమాగా రానే లేదు. పాటర్ విషయంలో కోత పనిచేయడానికి కారణం పుస్తకం పొడుగు కాదు, ఎదురుచూపుని ఇంకో ఎనిమిది నెలలు పొడిగించినా సంతోషించే జనం ఉండడం. ఆ జనం లేని చోట కోత కోతలాగే కనబడింది.

ఇప్పుడు అమెరికా టీవీ సంస్థ హెచ్‌బీవో ఈ కథని మళ్లీ మొదటినుంచి, కొత్త నటులతో సిరీస్‌గా తీస్తోంది. పుస్తకాలకి కట్టుబడి ఉంటామని 2023లో ప్రకటించినప్పుడే చెప్పింది. అభిమానుల్లో కొందరు రాడ్‌క్లిఫ్, రిక్‌మన్ స్థానంలో ఇంకొకర్ని ఊహించుకోలేమని కోప్పడుతున్నారు, వాళ్లది వీడ్కోలు వైపు మనసు. ఇంకొందరు అప్పుడే జాబితాలు రాసుకుంటున్నారు, అరియానా ఉండాలి, పిల్ల లిల్లీ కళ్లు సరిపోవాలి, ఇంటిపని చేసే ఎల్ఫు క్రీచర్ తోటి ఎల్ఫుల్ని వెంటేసుకుని యుద్ధానికి రావాలి. నేను రెండో గుంపులోనే ఉన్నాను. సిరీస్ చివరి పుస్తకం దాకా చేరితే నాకు కావలసింది ఒక్కటే. గ్రేట్ హాల్ నిండా జనం ఉండాలి, వాళ్లందరి ముందూ టామ్ రిడిల్ నేల మీద పడాలి, ఆ శవాన్ని ఎవరో ఒకరు మోసుకెళ్లాలి.